మా నాన్న పారేసిన వాల్వ్

కారులో కూర్చుని ఉండగా మన ఊపిరే అద్దం లోపలివైపు మంచయి గడ్డకట్టడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. పోయిన జనవరిలో, మినియాపొలిస్‌లో, ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో. బయట మైనస్ 24 సెల్సియస్. హీటర్ ఫుల్లుగా పెట్టాను. రయ్యిమని గాలైతే వస్తోంది కానీ ఫ్రిజ్ తలుపు తీసినట్టు వస్తోంది. ముందద్దం మీద అంచుల నుంచి తెల్లగా పొర మొదలై మధ్యకి పాకుతోంది. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో క్రెడిట్ కార్డు పెట్టి ఆ పొర గీక్కుంటూ, ఇంటర్‌స్టేట్ 94 మీద అరచెయ్యంత కంతలోంచి రోడ్డు చూసుకుంటూ ఇరవై ఎనిమిది మైళ్ళు వచ్చాను. అపార్ట్‌మెంట్ పార్కింగులో బండి ఆపాక రెండు నిమిషాలు దిగలేకపోయాను. చలికి కాదు, భయానికి.

మన వైపు పెరిగినవాళ్ళకి కారులో ఏసీ పాడైతే చిరాకు. మిన్నెసోటాలో హీటర్ పాడైతే అది చిరాకుతో పోయేది కాదు. గాలి వేగం కలుపుకుని చలి మైనస్ 30 దాటిందంటే, కప్పుకోకుండా వదిలేసిన చర్మం అరగంటలోపే గడ్డకట్టే ప్రమాదముంది. దారిలో బండి ఆగిపోతే ఉండాలని ఇక్కడివాళ్ళు డిక్కీలో దుప్పటి, కొవ్వొత్తి పెట్టుకుంటారు. నా డిక్కీలో ఒక క్రికెట్ బ్యాటు, ఖాళీ పచ్చడి డబ్బా ఉన్నాయి.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వయసు 28. చదివింది బీటెక్, ఆ తర్వాత ఇక్కడ ఎమ్మెస్. నా కారు 2011 మోడల్, లక్షా నలభై వేల మైళ్ళు తిరిగింది. చదువు అప్పు ఇంకా తీరలేదు కాబట్టి అదే నాకు మహారాజ రథం. మర్నాడు శుక్రవారం, సెలవు పెట్టి దగ్గర్లో ఉన్న ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాను. పది నిమిషాలు చూసి, "హీటర్ కోర్ మూసుకుపోయింది, మార్చాలి. అది డ్యాష్‌బోర్డు వెనకాల ఉంటుంది, మొత్తం డ్యాష్‌బోర్డు విప్పాలి. 1,350 డాలర్లు" అన్నారు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను. ఆలోచించడానికి ఏముంది? నా అకౌంట్లో ఆ వారం ఉన్నది తొమ్మిది వందలు.

ఆ రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వీడియో కాల్ చేశాను. విజయవాడలో శనివారం పొద్దున్న ఎనిమిదిన్నర. మా ఇంట్లో ఫోన్ అంటే అమ్మే. అమ్మతో పావుగంట మాట్లాడాక ఫోన్ నాన్నకిస్తుంది. నాన్న "ఏరా, తిన్నావా?" అంటాడు. తిన్నానంటాను. "చలెట్లా ఉంది?" అంటాడు. బాగానే ఉందంటాను. "జాగర్త" అని ఫోన్ తిరిగి అమ్మకిచ్చేస్తాడు. మూడేళ్ళుగా ఇదే వరస.

మా నాన్న ఆటోనగర్‌లో లారీ మెకానిక్. పద్నాలుగో ఏట ఒక షెడ్డులో పానాలు అందించే కుర్రాడిగా చేరి, తర్వాత తనే ఒక షెడ్డు అద్దెకి తీసుకుని ముప్ఫై ఏళ్ళు నడిపాడు. నా బీటెక్ ఫీజులన్నీ ఆ గ్రీజు చేతుల్లోంచి వచ్చినవే. 2020లో బీఎస్ సిక్స్ ఇంజిన్లు వచ్చాయి. ప్రతిదానికీ సెన్సర్లు. "ల్యాప్‌టాప్ తగిలించకుండా బండి ఏడుపేంటో తెలీట్లేదురా" అనేవాడు. మోకాళ్ళు కూడా అరిగిపోయాయి. షెడ్డు మూసెయ్యమని చెప్పింది నేనే. "ఇంకా ఎందుకు నాన్నా, నేను పంపిస్తాను కదా" అన్నాను. మూసేశాడు. అప్పట్నుంచే మాటలు తగ్గాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అది చెప్పకపోతే ఈ వ్యాసం రాసీ ప్రయోజనం లేదు. పోయిన దసరాకి అమ్మ సంబంధాలు చూడటం మొదలుపెట్టి బయోడేటా అడిగింది. నేనే టైపు చేసి పంపాను. తండ్రి వృత్తి అన్నచోట 'ఆటోమొబైల్ బిజినెస్' అని రాశాను. నాన్న అది చూసి "బిజినెస్సా!" అని నవ్వాడు. అంతే, ఇంకేం అనలేదు. నేనూ నవ్వేశాను. కానీ ఆ నవ్వు చూశాక వారం రోజులు నాకు మనసు బాగోలేదు. అయినా దిద్దలేదు.

సరే, ఆ శుక్రవారం రాత్రికి వద్దాం. నా చెవులు ఎర్రగా కందిపోవడం అమ్మ స్క్రీన్ మీద చూసి అడిగింది. కారు హీటర్ పాడైందని, 1,350 డాలర్లు అడిగారని చెప్పాను. "అంటే లక్ష పైనే!" అని అమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. అంతలో ఫోన్ ఒక్కసారి ఊగింది. చూస్తే స్క్రీన్ మీద నాన్న మొహం. అమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

"హీటర్ అంటే ఎట్లా ఉంటదిరా? మన లారీల్లో నేను చూళ్ళేదు" అన్నాడు.

నాకూ తెలీదు. అప్పటికప్పుడు వెతికి చదివి చెప్పాను. పెట్రోలు కారు హీటర్‌కి సొంత వేడంటూ ఉండదు. ఇంజిన్‌ని చల్లబరచడానికి తిరిగే కూలెంట్ ఉంది కదా, ఇంజిన్‌లో కాగిన ఆ నీళ్ళనే ఒక పైపులోంచి డ్యాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్‌కి పంపిస్తారు. దాన్నే హీటర్ కోర్ అంటారు. దాని మీదుగా ఫ్యాను గాలి వీస్తే మనకి వేడిగాలి. నీళ్ళు ఇంకో పైపులోంచి మళ్ళీ ఇంజిన్‌కి వెళ్ళిపోతాయి. అంతే.

"అంతేనా?" అన్నాడు నాన్న. "అయితే మనం ఎండాకాలం తిట్టుకునే ఇంజిన్ వేడినే వాళ్ళు కాళ్ళకి తగిలిస్తారన్నమాట." లారీ క్యాబిన్లో డ్రైవరు పక్కనే ఇంజిన్ ఉండి, మే నెలలో కాళ్ళు కాలిపోయేది గుర్తొచ్చి నవ్వాడు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

"బండి కింద నీళ్ళు కారుతున్నాయా?" లేదు. "లోపల కాళ్ళ దగ్గర తడి? తియ్యటి వాసన?" లేదు. "డ్యాష్‌బోర్డులో టక్ టక్‌మని చప్పుడు?" లేదు. "చల్లగాలి ఎప్పుడొస్తోంది? నిలబడినప్పుడా, పరిగెత్తేటప్పుడా?"

ఆలోచించాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాస్త గోరువెచ్చగా ఉండేది. హైవే ఎక్కాక చల్లబడిపోయింది.

"ముల్లు ఎక్కడుంటోంది?"

"ఏ ముల్లు?"

నాన్న ఒక్క క్షణం మాట్లాడలేదు. "టెంపరేచర్ ముల్లురా."

రెండేళ్ళుగా ఆ కారు నడుపుతున్నాను. ఆ ముల్లు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆఫీసులో ఎవరైనా 'పనిచెయ్యట్లేదు' అని ఒక్క ముక్క రాసి టికెట్ పెడితే ఒళ్ళు మండుతుంది నాకు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుంటే వచ్చింది, లాగ్స్ ఏవి అని నాలుగు ప్రశ్నలు వేసి తిప్పి పంపిస్తాను. ఆ రాత్రి నేను పెట్టింది కూడా అలాంటి పనికిమాలిన టికెట్టే. ఆ నాలుగు ప్రశ్నలూ మా నాన్న అడుగుతున్నాడు.

శనివారం పొద్దున్న పదింటికి, అంటే అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి, రెండు జతల గ్లవుజులేసుకుని పార్కింగులోకి దిగాను. నాన్న నిద్ర మానుకుని కూర్చున్నాడు. ఇంజిన్ ఇంకా స్టార్ట్ చెయ్యలేదు. మొదట కూలెంట్ డబ్బా చూపించమన్నాడు. మట్టం రెండు గీతల మధ్యలోనే ఉంది. "కూలెంట్ తగ్గితే లోపల గాలి చేరుతుంది. అప్పుడు నిలబడితే చల్లగా, రేస్ చేస్తే వేడిగా వస్తుంది. నీది తిరగబడి ఉంది, కాబట్టి అది కాదు" అన్నాడు. రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోతే గట్టిగా అరిచాడు. చల్లగానే ఉంది నాన్నా అన్నాను. "చల్లగా ఉంటే తియ్యి. వేడిగా ఉన్నప్పుడు మటుకు జన్మలో తియ్యకు" అని తన కుడి మోచేయి కెమెరాకి చూపించాడు. ఆ మచ్చ చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. పుట్టుమచ్చ లాంటిదనుకునేవాణ్ణి. పదహారో ఏట, మేస్త్రీ తొందరపెడుతుంటే మరుగుతున్న రేడియేటర్ మూత తిప్పాడట. ఆవిరి చెయ్యంతా కాల్చేసింది. నెల్లాళ్ళు జీతం లేదు. ఆ సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, పాతికేళ్ళు గడిచిపోయాయి.

ఇంజిన్ స్టార్ట్ చేశాను. రేడియేటర్‌కి వెళ్ళే పై గొట్టం మీద, ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా, చెయ్యి పెట్టి ఉంచమన్నాడు. "మంచి బండికైతే కాసేపటిదాకా ఆ గొట్టం చల్లగానే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా కాలుతుంది. ఎట్లా ఉందో చెప్పు." రెండో నిమిషం నుంచే గొట్టం కొద్దికొద్దిగా వెచ్చబడుతోంది. పది నిమిషాలైనా గోరువెచ్చదనం దాటలేదు. ముల్లు కింద గీత దగ్గరే బద్ధకంగా పడుంది. తర్వాత హీటర్ కోర్‌కి వెళ్ళే పైపు, వచ్చే పైపు రెండూ పట్టుకోమన్నాడు. రెండూ ఒకే రకం గోరువెచ్చగా ఉన్నాయి.

"కోర్ మూసుకుపోతే ఒక పైపు కాలాలి, రెండోది చల్లగా ఉండాలి. రెండూ ఒకటే అంటే నీళ్ళు బాగానే తిరుగుతున్నాయి. ఆ నీళ్ళకే వేడి లేదు. నీ హీటర్ బంగారంలా ఉంది. ఇంజినే వేడెక్కట్లేదు. థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది."

అంత ధీమాగా ఎలా చెబుతున్నావని అడిగాను.

"మేం వాటిని పీకి అవతల పారేసేవాళ్ళంరా" అన్నాడు.

థర్మోస్టాట్ అంటే ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉండే చిన్న తలుపు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు మూసుకుని నీళ్ళని లోపలే తిప్పుతుంది. 80, 90 డిగ్రీల మధ్యకి చేరగానే, దాని కడుపులో ఉన్న మైనం కరిగి ఉబ్బి తలుపు తోస్తుంది. అప్పుడు నీళ్ళు రేడియేటర్‌కి పోయి చల్లబడతాయి. బెజవాడ ఎండల్లో లోడు లారీ ఘాట్ ఎక్కేటప్పుడు ఈ తలుపు ఒక్కోసారి మూసుకుని బిగుసుకుపోయేది. ఇంజిన్ హీటెక్కి గాస్కెట్ పోయేది. అందుకని ఆ రోజుల్లో చాలామంది మెకానిక్కులు అసలు వాల్వే తీసేసేవారు. నాన్న కూడా తీసేశాడు, ఎన్నో బండ్లకి. "అది తప్పని తర్వాత తెలిసింది. ఇంజిన్ చల్లగా తిరిగితే డీజిల్ తాగేస్తుంది, లోపల అరిగిపోతుంది. కానీ వాల్వ్ లేని బండి ఎట్లా ఉంటదో నాకంటే ఎవడికి తెలుసు? తెల్లారుజామున ముల్లు లేవదు. ఆగితే కాస్త లేస్తుంది, గాలి తగిలితే పడిపోతుంది. నువ్వు చెప్పింది అదే కదా!"

ఆ మధ్యాహ్నం పై ఫ్లోర్‌లో ఉండే ఫ్రెండ్ దగ్గర స్కానర్ తెచ్చి కారుకి తగిలించాను. పి 0128 అనే కోడ్ వచ్చింది. దానర్థం, ఇంజిన్ నీళ్ళు థర్మోస్టాట్ ఉండాల్సిన వేడికి చేరట్లేదని. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు రెండు నెలలుగా వెలుగుతూనే ఉంది. చలికి అలాగే వెలుగుతుందిలే అనుకున్నాను. లాగ్ అక్కడే ఉంది, చదివినవాడు లేడు. నాన్నకి చెబితే "మిషను కూడా అదే చెప్పిందా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ గొంతులో సంతోషం నాకు స్పష్టంగా తెలిసింది.

కొత్త వాల్వ్, సీలు కలిపి 32 డాలర్లు. కానీ మైనస్ చలిలో ఆరుబయట బండి విప్పలేం. ఇరవై మైళ్ళ దూరంలో కరీంనగర్ అన్న ఒకాయన ఉన్నారు, వాళ్ళింటికి వెచ్చటి గ్యారేజీ ఉంది. అక్కడిదాకా వెళ్ళేదెలా? "రేడియేటర్‌కి సగం దాకా అట్ట అడ్డం పెట్టు. గాలి తగలదు. ముల్లు మధ్య దాటితే మటుకు ఆపి తీసెయ్" అన్నాడు నాన్న. అమ్మ పంపిన ఆవకాయ పార్సిల్ పెట్టె కోసి పెట్టాను. ఆదివారం పొద్దున్న ఆ ఇరవై మైళ్ళూ రోడ్డు మీద ఒక కన్ను, ముల్లు మీద ఒక కన్ను. హీటర్లోంచి మొదటిసారి కాస్త వెచ్చగా తగిలింది.

విప్పే ముందు నాన్న ఇంకో మాట అన్నాడు. "కొత్తది కదా అని నమ్మొద్దు. నీళ్ళలో కాచి చూడు."

అన్న వాళ్ళింట్లో ఒక పాత గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వాల్వ్ వేలాడదీసి, స్టవ్ మీద పెట్టాను. పక్కన వంట థర్మామీటర్. ఫోన్ గోడకి ఆనించాను. అక్కడ రాత్రి పదిన్నర. యాభై, అరవై, డెబ్భై. ఏం కదల్లేదు. ఇద్దరం గిన్నెలోకే చూస్తున్నాం. ఎవరం ఏం మాట్లాడలేదు. కానీ అది మా మామూలు ఫోన్లలో ఉండే నిశ్శబ్దం కాదు. 83 దగ్గర ఆ ఇత్తడి రేకు సన్నగా పైకి లేచింది. "లేచింది నాన్నా!" అన్నాను. "కనపడుతోందిలే, అరవకు" అన్నాడు, కానీ ఆయనే నాకంటే గట్టిగా నవ్వాడు.

మిగతాది రెండు గంటల పని. చల్లబడ్డ కూలెంట్ తొట్టిలోకి దింపాం. ఒక్క చుక్క నేల మీద పడనివ్వలేదు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే ప్రాణం పోతుంది. పది నంబరు పానాతో రెండు బోల్టులు విప్పితే పాత వాల్వ్ బయటికొచ్చింది. చేతిలో చల్లగా ఉన్నా దాని నోరు తెరుచుకునే ఉంది. కొత్తది బిగించి, నీళ్ళూ కూలెంటూ సగం సగం కలిపిన మిశ్రమం పోసి, మూత పెట్టకుండా ఇంజిన్ తిప్పి, బుడగలు ఆగేదాకా చూశాం. "గాలి తియ్యకపోతే కొత్తది వేసినా వేడి రాదు" అని నాన్న మూడుసార్లు చెప్పాడు. పదిహేను నిమిషాలకి ముల్లు లేచి, సరిగ్గా మధ్యలో నిలబడింది. హీటర్ ముందు చెయ్యి పెట్టలేకపోయాను.

ఫోన్ ఆ గాలి దగ్గర పెట్టి "వినపడుతోందా?" అన్నాను. వేడి వినపడదని తెలుసు. "ఆ, వినపడుతోంది" అన్నాడు నాన్న. అక్కడ అర్ధరాత్రి దాటింది.

మీలో చలిదేశాల్లో ఉన్నవాళ్ళకి నేను నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాను. హీటర్ చల్లగా వస్తే ముందు ముల్లు చూడండి. ముల్లు కిందే ఉంటే థర్మోస్టాట్ మీద అనుమానపడండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడండి, తక్కువుంటే ఎక్కడ కారుతోందో కనుక్కోండి. ముల్లు మధ్యలో ఉన్నా చల్లగానే వస్తుంటే, హీటర్ పైపులు రెండూ పట్టుకుని చూడండి. రెండూ కాలుతుంటే, లోపల వేడిగాలినీ చల్లగాలినీ కలిపే తలుపు ఇరుక్కుని ఉండొచ్చు. ఒకటే కాలితే, అప్పుడు కోర్ మార్చే మాట ఆలోచించండి. ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే మాత్రం ఏ ప్రయోగాలూ చెయ్యకుండా బండి ఆపెయ్యండి.

ఆ గ్యారేజీ మీద నాకు కోపం లేదు. పది నిమిషాల్లో ఎవరైనా పొరపడొచ్చు. నేను మూడేళ్ళు పొరపడ్డాను. నెలనెలా డబ్బులు పంపితే సరిపోతుందనుకున్నాను. మా నాన్నకి తీసుకోవడం కంటే చెప్పడం ఇష్టమని నాకు తెలీలేదు. ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే అమ్మ కంటే ముందు ఆయనే ఎత్తుతున్నాడు. "ముల్లు ఎక్కడుంది?" అన్నది మొదటి ప్రశ్న. తర్వాత అరగంట పాత లారీల కబుర్లు.

ఫిబ్రవరిలో బయోడేటా మళ్ళీ తెరిచాను. 'ఆటోమొబైల్ బిజినెస్' తీసేసి 'మెకానిక్, ఆటోనగర్, విజయవాడ' అని రాసి ఇంటికి పంపాను. సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. బాధపడ్డాడేమో, సంతోషించాడేమో అని నేను ఏదో చెప్పబోయాను.

"ఉత్త మెకానిక్ ఏంట్రా? పంక్చర్లు వేసేవాడనుకుంటారు. ఇంజిన్ మెకానిక్ అని రాయి" అన్నాడు.

అలాగే మార్చాను.